తెలుగు బాగా వచ్చినందువల్ల వచ్చే ఇంగ్లీషు తప్పులు

వెనక బెంచీల వాళ్లు ముందుకు రండి, మైకు సరిగ్గా పలకట్లేదు. ఒంగోలు ఎండలో నన్ను పిలిచి గ్రామర్ చెప్పమన్నారు గానీ నేను చెప్పేది తెలుగు గురించే. మన ఇంగ్లీషు తప్పులు చాలా వరకు ఇంగ్లీషు రాక చేసేవి కావు, తెలుగు విభక్తిని తీసుకెళ్లి అక్కడ తగిలించడం వల్ల వచ్చేవి.

నా సంగతే చూడండి. మొదటి ఇంటర్వ్యూలో 'ఐ యామ్ లివింగ్ ఇన్ కావలి సిన్స్ ఫైవ్ ఇయర్స్' అన్నా. ఎదురుగా కూర్చున్నాయన నవ్వాడు, నాకేమో టెన్షన్, ఏం తప్పు మాట్లాడానో తెలీదు. మనకి ఐదేళ్ల నుంచి అన్నా, 2019 నుంచి అన్నా ఒకటే 'నుంచి'. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం అయిందో చెబితే ఫర్. 'ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ కావలి ఫర్ ఫైవ్ ఇయర్స్' అనుండాల్సింది.

పెళ్లీ అంతే. మనకి ఒకరితో పెళ్లవుతుంది కాబట్టి 'మ్యారీడ్ విత్' అనేస్తాం, వాళ్లది 'మ్యారీడ్ టు'. కోపం మనకి మనిషి మీద వస్తుంది, అందుకే 'యాంగ్రీ ఆన్ మీ' అంటాం, అక్కడ 'యాంగ్రీ విత్ మీ'. 'టీ కంటే కాఫీ ఇష్టం' అనేటప్పుడు ప్రిఫర్ పక్కన దాన్ వాడకండి, 'ఐ ప్రిఫర్ కాఫీ టు టీ'.

ఇక 'డిస్కస్ అబౌట్'. డిస్కస్ అన్న మాటలోనే 'గురించి మాట్లాడటం' ఉంది, మళ్లీ అబౌట్ ఎందుకు? కానీ డిస్కషన్ అన్నారనుకోండి, అప్పుడు అబౌట్ రావచ్చు. ఆర్డర్ కూడా ఇదే రకం: 'ఐ ఆర్డర్డ్ బిర్యానీ', 'యాన్ ఆర్డర్ ఫర్ బిర్యానీ'. పనిని చెప్పే మాటైతే (వెర్బ్) పక్కన ఇంకేం వద్దు, ఆ పనికి పేరైతే (నౌన్) అబౌట్, ఫర్ లాంటిది కావాలి. (అన్ని మాటలకీ ఇది పనిచేయదు, ఇంటికెళ్లి నన్ను తిట్టుకోకండి.)

నాకు బాగా నచ్చేది మేడ్ ఆఫ్, మేడ్ ఫ్రమ్ తేడా. ఉదయగిరి చెక్క గరిటె చేతిలోకి తీసుకుంటే చెక్క చెక్కగానే కనిపిస్తుంది, అది మేడ్ ఆఫ్ వుడ్. పాలు తోడుకుని పెరుగయ్యాక గిన్నెలో పాలు ఎక్కడున్నాయి? అందుకని మేడ్ ఫ్రమ్ మిల్క్. మనం మాత్రం రెంటికీ 'తో' పెట్టి, చెక్కతో చేశారు, పాలతో చేశారు అనేస్తాం.

సరే, మీ ఫోన్లు తీయండి. ఈ వారంలో ఇంగ్లీషులో పంపిన మెసేజ్ ఒకటి చదవండి, 'నుంచి', 'తో', 'గురించి' ఎక్కడ దూరాయో పట్టుకుందాం. ముందెవరు చదువుతారు?