ముందు ఆ బీప్‌లు లెక్కపెట్టండి

శ్రోతలకు నమస్కారం.

పోయిన వానాకాలం ఒక ఆదివారం పొద్దున్నే కాకినాడ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరుస్తోంది. తెర మీద ఏమీ రావట్లేదు. రేపే ప్రాజెక్టు ఇవ్వాలి!" వాడి గొంతు నిండా టెన్షన్. వీధి చివర షాపులో అడిగితే, డిస్క్ అంతా చెరిపి ఫార్మాట్ కొట్టాలి, లేదంటే లోపలి భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డే మార్చాలి అన్నారట. వెనక నుంచి అక్క, "నాన్న ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయిరా" అంటోంది.

"ఏదీ ముట్టుకోకుండా ఫోన్ దాని పక్కన పెట్టి ఒకసారి ఆన్ చెయ్యి" అన్నాను. వినిపించింది. పొడుగ్గా ఒక బీప్, కాస్త ఆగి మళ్ళీ పొడుగ్గా ఇంకొకటి. అలా ఎంతకీ ఆగదు.

కంప్యూటర్ ఆన్ కాగానే ముందు లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ, అంటే ర్యామ్ అందుతోందా, తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు పలుకుతోందా అని అది వరసగా చూసుకుంటుంది. ఈ పరీక్షను పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్ అంటారు. తెర ఇంకా వెలగకముందే తప్పు దొరికితే దాన్ని రాసి చూపించే దారి లేదు కాబట్టి, చిన్న స్పీకరుతో కూత పెడుతుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ ఈ ఏర్పాటు ఉంది. అంటే బీప్ వచ్చే సమయానికి విండోస్ జోలికే వెళ్ళలేదన్నమాట. అలాంటప్పుడు ఫార్మాట్ ఎందుకు? దయచేసి బీప్ వస్తోందని ఎవరినీ మీ హార్డ్ డిస్క్ చెరపనివ్వకండి. అందులో ఉన్నవి మళ్ళీ దొరకడం కష్టం.

కూతల లెక్క బయోస్ కంపెనీని బట్టి మారుతుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే గ్రాఫిక్స్ గొడవ. పొడుగు బీప్ ఆగకుండా వస్తుంటే ర్యామ్. ఏఎంఐ అనే ఇంకో కంపెనీ బయోస్‌లో 5 పొట్టి బీప్‌లంటే లెక్కలన్నీ చేసే చిప్, ప్రాసెసర్ వైపు చూడాలి. మీ బోర్డు మాన్యువల్‌లో ఆ పట్టిక ఉంటుంది. కొత్త బోర్డుల్లో చాలావాటికి స్పీకరే ఉండదు. వాటిలో కొన్నిటికి సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్క్) అని రాసి ఉన్న చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోతే తప్పు అక్కడ.

మావాడిది అవార్డ్ బయోస్, కాబట్టి గొడవ ర్యామ్‌తోనే. ప్లగ్ పీకించి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచమన్నాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ముట్టుకోమన్నాను. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు, ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. తర్వాత ర్యామ్ పట్టీకి రెండు వైపులా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే అది పైకి లేచింది. "మామయ్యా, కింద బంగారు రంగు పళ్ళున్నాయి, సగం మసకబారాయి" అన్నాడు. సముద్రపు గాలి, వానాకాలపు తేమ, పైన దుమ్ము! పెన్సిల్ చెరిపే మెత్తని రబ్బరుతో ఆ పళ్ళను పైపైన రుద్ది, పొట్టు మిగలకుండా పొడి బ్రష్‌తో దులపమన్నాను. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడితే పూత లేచిపోతుంది. తుడిచాక త్వరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అదే మేలు.

పట్టీలోని గాడిని, అది కూర్చునే స్లాటులోని గట్టుకు సరిచూసి, రెండు చివర్లా సమానంగా అదిమాడు. టక్కుమని క్లిప్పులు పడిన చప్పుడు నాకూ వినిపించింది. పట్టీలు రెండుంటే ఒక్కోటీ విడిగా పెట్టి, స్లాటు మార్చి చూస్తే, చెడింది పట్టీనా స్లాటా అన్నది తేలుతుంది. మావాడికి అంత అవసరం పడలేదు.

ఆన్ చేశాడు. ఒకే ఒక్క చిన్న బీప్. ఆ తర్వాత, "వచ్చిందిరా!" అని అక్క గొంతు.

ఆ రాత్రే నాన్న ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు.

నమస్కారం.