బికిలా కథలో మనం మింగేసిన సగం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పరుగు మిత్రులకు... పేరుపేరునా చెప్పాలంటే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ దానికే సరిపోతాయి. మన్నించండి.

"మారథాన్ సాధనలో ఉత్తకాళ్ళ పరుగు ప్రయోజనాలు" అని కార్డులో వేశారు. చెబుతాను. దానికి ముందు ఒక కోపం దించుకోవాలి. ఇందాక నన్ను పరిచయం చేసినాయన, రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో అబెబె బికిలా ఉత్తకాళ్ళతో గెలిచిన కథ చెప్పారు, మీరు చప్పట్లు కొట్టారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అబెబె బికిలా మీద కాదు, ఆయన నాకు దేవుడు. మనం చెప్పుకునే తీరు మీద.

ఎలా చెప్పుకుంటాం? పాపం, ఇథియోపియా నుంచి ఒక బీదవాడు వచ్చాడు, బూట్లు లేవు, అయినా గెలిచాడు! కాదండీ. ఆయన చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. ఓనీ నిస్కానెన్ అనే స్వీడన్ కోచ్ దగ్గర పద్ధతిగా తయారైనవాడు. రోమ్‌లో దొరికిన బూట్లు కాలికి సరిగ్గా అమరలేదు. కరిచే బూట్లతో 42.195 కిలోమీటర్లు పోయేకంటే అలవాటున్న ఉత్తకాళ్ళే నయమనుకున్నాడు. "అలవాటున్న" అన్నాను. ఆ మాట పట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1960 సెప్టెంబరు 10, సాయంత్రం. ఎండ తప్పించాలని పొద్దు వాలాక పందెం పెట్టారు. చీకటి పడింది. దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. పక్కనే మొరాకో నుంచి వచ్చిన రాదీ బెన్ అబ్దెస్సలామ్, వదలడం లేదు. చివర్లో ఒక రాతిస్తంభం వస్తుంది, ఆక్సుమ్ స్తంభం. ఇటలీ సేనలు ఇథియోపియాను ఆక్రమించినప్పుడు ఎత్తుకొచ్చి రోమ్‌లో నిలబెట్టిన స్తంభం. సరిగ్గా అక్కడ వేగం పెంచాడండీ! తన దేశపు రాయి ముందు! కాన్‌స్టాంటైన్ తోరణం దగ్గర పూర్తిచేసేసరికి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. అప్పటికి అంత వేగంగా మారథాన్ పరిగెత్తినవాడు లేడు. ఆ స్తంభం 2005లో ఇథియోపియాకు తిరిగి వెళ్ళింది. చూశారా, తిట్టడానికి మొదలుపెట్టి నేనూ కథలో పడిపోయాను.

అసలు నా గొడవ ఇది. నాలుగేళ్ళ తర్వాత టోక్యో. అపెండిక్స్ ఆపరేషనై ఆరు వారాలు కూడా తిరగలేదు. మళ్ళీ గెలిచాడు, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. కాళ్ళకి బూట్లున్నాయి! రోమ్ కంటే మూడు నిమిషాలు ముందు. ఈ సగం మింగేసి ఆ సగమే చెబుతాం.

నేను విన్నదీ ఆ సగమే. విన్న మర్నాడే బూట్లు అటకెక్కించాను. మొదటివారం మూడు కిలోమీటర్లు, రెండోవారం ఎనిమిది. పిక్కలు రాళ్ళలా బిగుసుకున్నాయి, మెట్లు వెనక్కి తిరిగి దిగేవాణ్ణి. "కాళ్ళు రాటుదేలుతున్నాయి" అనుకున్నాను. పాదం మీద, రెండో వేలికి కాస్త వెనకగా, వేలిముద్రంత చోట నొక్కితే ప్రాణం లేచొచ్చేది. మూడోవారం పద్నాలుగు. మర్నాడు పొద్దున మంచం దిగి కాలు ఆనించలేకపోయాను. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో సన్నటి పగులు. పది వారాలు పరుగు బంద్. "ఇలా పరిగెత్తమని మీకెవరు చెప్పారు?" అని డాక్టరు అడిగారు. "బికిలా" అన్నాను. ఆయన ఆ పేరు కూడా చీటీలో రాసుకోబోయారు.

నవ్వండి, పరవాలేదు.

ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. మెత్తటి బూటు ఉంటే మనలో చాలామందిమి మడమ ముందు ఆనిస్తాం. బూటు తీస్తే ఆ దెబ్బ తట్టుకోలేక పాదం ముందుభాగం మీద దిగడం నేర్చుకుంటాం. అడుగు చిన్నదవుతుంది, అడుగుల లెక్క పెరుగుతుంది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో కొలిచి చూపించింది ఇదే. ఇంతవరకూ లాభమే. కానీ మడమ మోసే బరువు ఇప్పుడు పిక్క మీద, పిక్కను మడమకు కట్టే అకిలీస్ స్నాయువు మీద, పాదంలో సన్నటి ఎముకల మీద పడుతుంది. కండ కొన్ని వారాల్లో గట్టిపడుతుంది. ఎముకకు నెలలు కావాలి. ఇందాక పట్టుకోమన్న "అలవాటున్న" మాట ఇదే, బికిలాకి ఆ అలవాటుంది, నాకు లేదు. 2013లో ఒక అధ్యయనంలో 19 మందిని వేళ్ళకి విడివిడిగా తొడుగులుండే పలచటి బూట్లలోకి పది వారాల్లో మెల్లమెల్లగా మార్చారు. పది మందికి ఎమ్మారైలో పాదం ఎముకల లోపల వాపు ఎక్కువైనట్టు కనబడింది. వాళ్ళేం నాలా ఎగబడినవాళ్ళు కాదు!

చెప్తే నమ్మరు. ఒక పని చేద్దాం. అందరూ బూట్లు, మేజోళ్ళు విప్పండి. నిజంగానే. అధ్యక్షులవారు కూడా. పాదం నేలకు ఆనించండి. మిగతా నాలుగు వేళ్ళూ నేల మీదే ఉంచి బొటనవేలు ఒక్కటే పైకి లేపండి. లేవట్లేదా? అయిదూ కలిసి లేస్తున్నాయా? పాదంలో ఇరవయ్యారు ఎముకలున్నాయి, మన మాట ఒక్కటీ వినదు. ఇన్నేళ్ళు బూట్లో పడుకున్న కాలు మరి. అలాగే ప్రయత్నిస్తూ వినండి.

నా పద్ధతి చెప్పేస్తాను. రెండు నెలలు ఉత్తకాళ్ళతో నడక, అంతే. తర్వాత మామూలు పరుగు అయిపోయాక ఆఖర్న అయిదు నిమిషాలు, వారానికి రెండుసార్లు. వారానికి ఒకటో రెండో నిమిషాలు పెంచండి. గడ్డి వద్దు, లోపల ఏముందో కనబడదు. చదునైన గట్టి నేల మంచిది, అడుగు తప్పు పడితే వెంటనే తెలుస్తుంది. లాంగ్ రన్, అంటే దూరపు పరుగు, బూట్లతోనే. పిక్క నొప్పి ఓర్చుకోవచ్చు, పాదం మీద ఒకేచోట నొప్పి అయితే ఆరోజే ఆపండి. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కేవాళ్ళు దీని జోలికే రావద్దు. అరికాలు మొద్దుబారిపోతుందేమోనని కొందరి భయం. చర్మం కాయకట్టినా స్పర్శ తగ్గదని 2019లో తేలింది.

పందెంలో ఒప్పుకోరని ఒకసారి నన్ను స్టార్టింగ్ లైను దగ్గర ఆపేశారు. ఎక్కడో చెప్పను. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల్లో ఉత్తకాళ్ళతో పరిగెత్తవచ్చని స్పష్టంగా ఉందని వాదిస్తుంటే తుపాకీ పేలింది. ఆఖరివాడిగా బయల్దేరాను. అదింకో కోపం, ఇంకో సభకు దాచుకుంటాను.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం... ఆ వెనక వరసలో నీలం చొక్కా ఆయనకి బొటనవేలు లేచిందండీ! చూడండి, చూడండి. అబ్బే... అయ్యా, చేత్తో పట్టుకున్నారు. చెయ్యి తియ్యండి.