కండువా మారితే సీటు ఎవరిది?

అందరికీ నమస్కారం.

పార్టీ మారిన ఎమ్మెల్యే, ఎంపీ మళ్ళీ ఎన్నికలకు వెళ్ళాలా వద్దా అన్నది ఈ రోజు నాకు ఇచ్చిన ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను, చివరిదాకా టెన్షన్ పెట్టను. వెళ్ళాలి. అయితే ఆ ఒక్క మాట చెప్పి కూర్చుంటే సరిపోదు. మన చట్టం నలభై ఏళ్ళుగా దాదాపు ఆ మాటే చెబుతోంది. అయినా ఏం జరుగుతోందో మీరు రోజూ టీవీలో చూస్తూనే ఉన్నారు.

ముందు రెండు ఉపఎన్నికలు గుర్తు చేస్తాను. 2021 జూన్‌లో ఈటల రాజేందర్ టీఆర్ఎస్‌ను వదిలారు, ఎమ్మెల్యే పదవినీ వదిలారు, బీజేపీలో చేరారు. అక్టోబర్ 30న హుజూరాబాద్‌లో పోలింగ్ జరిగింది. ఇరవై వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. మరుసటి ఏడాది కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌కూ సీటుకూ రాజీనామా చేసి, బీజేపీ అభ్యర్థిగా మునుగోడులో నిలబడ్డారు. పదివేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 2023లో తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి అదే మునుగోడులో గెలిచారు. ఆయన అన్నిసార్లు మారడం మీకు నచ్చకపోవచ్చు. కానీ మారిన ప్రతిసారీ జనం ముందుకు వచ్చి నిలబడ్డారు. ఒకసారి వద్దన్నారు, ఒకసారి సరే అన్నారు. నాకు కావలసింది అంతే.

ఇక రెండో దారి. 2014లో తలసాని శ్రీనివాస్ యాదవ్ సనత్‌నగర్‌లో టీడీపీ టికెట్ మీద గెలిచి, ఆ డిసెంబర్‌లోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. రాజీనామా చేశానన్నారు. ఆ రాజీనామా స్పీకర్ దగ్గరే ఉండిపోయింది, ఆమోదం మాత్రం పొందలేదు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీ వైపు వెళ్ళారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లు కూడా 23 కావడం కాకతాళీయమే గానీ, ఆ అంకె మీద పడిన జోకులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇక దానం నాగేందర్ 2023 నవంబర్‌లో ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచారు. 2024 మేలో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ గుర్తు మీద పోటీ చేశారు. పోటీ చేసేనాటికి ఆయన బీఆర్ఎస్ ఎమ్మెల్యేగానే ఉన్నారు. ఏ పార్టీనీ వదలకుండా చెబుతున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. ‘ఆయారామ్ గయారామ్’ అన్న మాట అప్పుడే పుట్టింది. ఆ రోజుల ఫిరాయింపులను పరిశీలించిన వై.బి. చవాన్ కమిటీ లెక్క చూడండి. ఏడు రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మంది శాసనసభ్యుల్లో 116 మందికి, తాము నిలబెట్టిన ప్రభుత్వాల్లోనే మంత్రి పదవులు దక్కాయి. సగం మందికి పైగా! సిద్ధాంతం కోసం మారాం, నియోజకవర్గ అభివృద్ధి కోసం మారాం అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించి ముఖ్యమంత్రి అయిన నాదెండ్ల భాస్కరరావు వ్యవహారం మనం చూశాం. ఎన్టీఆర్ నెల రోజుల్లో తిరిగి వచ్చారు గానీ, ఆ నెలలో ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి పక్క రాష్ట్రంలో క్యాంపు పెట్టాల్సి వచ్చింది.

1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేర్చింది. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌కు, అంటే సభలో ఇలా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినా సభ్యత్వం పోతుంది. స్వతంత్రుడిగా గెలిచి పార్టీలో చేరినా పోతుంది. వదులుకోవడం అంటే రాజీనామా లేఖే ఇవ్వక్కర్లేదు, ప్రవర్తన చూసి కూడా నిర్ణయించవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. కాబట్టి ‘కండువా కప్పారు గానీ నేను చేరలేదు’ అన్న సాకు చట్టం ముందు నిలిచేది కాదు. అసలు చిక్కు ఆ సాకు వినాల్సిన మనిషి దగ్గర ఉంది. ఆయనే స్పీకర్. ఆయనా ఒక పార్టీ బీ ఫామ్ మీద గెలిచి వచ్చినవారే.

ఇక్కడ ఒక సంగతి చూడండి. 2011 డిసెంబర్‌లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చింది. జగన్ వైపున్న కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. కొద్ది నెలల్లోనే వారిపై వేటు పడింది, 2012 జూన్‌లో ఉపఎన్నికలు జరిగిపోయాయి. 2019లో కర్ణాటకలో 17 మంది కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు సంకీర్ణాన్ని వదిలితే అక్కడి స్పీకర్ వారాల్లోనే అనర్హత వేశారు. అదే తలసాని విషయంలో? వైసీపీ 23 మంది విషయంలో? ఐదేళ్ళు గడిచిపోయాయి. చట్టం అదే, షెడ్యూల్ అదే. పాలక పక్షం నుంచి బయటికి వెళ్ళేవాడి మీదికి పరిగెత్తుకొస్తుంది. పాలక పక్షంలోకి వచ్చేవాడిని చూసి కళ్ళు మూసుకుంటుంది.

కోర్టులు తట్టి లేపడానికి ప్రయత్నించాయి. 2020లో మణిపూర్ కేసులో, ఇలాంటి పిటిషన్లు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలనీ, ఈ అధికారాన్ని స్పీకర్ల దగ్గరే ఉంచాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూలై 31న తెలంగాణలోని పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల కేసులోనూ స్పీకర్‌కు మూడు నెలల గడువు ఇచ్చింది. ఎమ్మెల్యే పదవికే ఐదేళ్ళ గడువు ఉన్నప్పుడు, గడువు పెట్టమని ప్రతిసారీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి రావడమే ఒక శిక్ష.

రెండో కన్నం విలీనం. మొదట్లో మూడో వంతు మంది చీలితే వేటు ఉండేది కాదు. 2003లో 91వ సవరణతో ఆ వెసులుబాటు తీసేశారు. మూడింట రెండొంతుల మంది విలీనం కావడం మాత్రం మిగిలింది. 2018లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. అందులో రెండొంతులంటే 13 మంది కావాలి. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి హుజూర్‌నగర్ సీటు వదిలేయగానే లెక్క 18కి దిగింది. ఇప్పుడు 12 చాలు. 2019 జూన్‌లో సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం అయ్యారు. ఒక్క సీటు ఖాళీ కావడంతో పన్నెండు మందికి ఉపఎన్నిక తప్పింది. ఒక్కడు దూకితే ఫిరాయింపు, పన్నెండు మంది దూకితే విలీనం. నాకు ఈ లెక్క ఎన్నడూ అర్థం కాలేదు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండు మూడు ఉన్నాయి. జనం మనిషిని చూసి ఓటేస్తారు, పార్టీని కాదు అంటారు. సరే, అదే నిజమైతే ఉపఎన్నికకు భయమెందుకు? ఖర్చు అంటారు. ఈ మాటలో బలముంది. మునుగోడులో డబ్బు ఎలా పారిందన్న ఆరోపణలు దేశమంతా విన్నది. ఉపఎన్నిక అంటేనే పవిత్రమైనదని నేనూ అనను. కానీ ఎమ్మెల్యేను ఒక గదిలో కొనడం కన్నా రెండు లక్షల మందిని ఒప్పించడం కష్టం. ఆ కష్టమే నాకు కావాలి.

గట్టి అభ్యంతరం మూడోది, అంతరాత్మ. పార్టీ తప్పు చేస్తే సభ్యుడు నోరు మూసుకోవాలా? అస్సలు కాదు. ఇక్కడ మన చట్టమే రెండు వేర్వేరు విషయాలను ఒకే సంచిలో వేసింది. ఒక బిల్లు మీద పార్టీతో విభేదించి ఓటేయడం వేరు, పార్టీ మారి అవతలి బెంచీలో కూర్చోవడం వేరు. మొదటిదానికి సభ్యత్వం పోకూడదు. ప్రభుత్వం ఉండాలా పోవాలా అని తేల్చే ఓటుకే విప్‌ను పరిమితం చేయాలి. 1990లో దినేష్ గోస్వామి కమిటీ దాదాపు ఇదే చెప్పింది. అనర్హతను స్పీకర్ కాకుండా ఎన్నికల సంఘం సలహా మీద రాష్ట్రపతి, గవర్నర్ తేల్చాలనీ చెప్పింది. లాభదాయక పదవి లాంటి మిగతా అనర్హతలు ఇప్పటికే ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఈ ఒక్కదాన్నే స్పీకర్ చేతిలో పెట్టారు.

మరి నాయకుల మర్యాదకే వదిలేస్తే? బ్రిటన్‌లో ఇలాంటి చట్టం లేదు. 1981, 82ల్లో లేబర్ పార్టీ ఎంపీలు 28 మంది కొత్తగా పుట్టిన ఎస్‌డీపీలోకి వెళ్ళారు. వారిలో సీటు వదిలి ఉపఎన్నికకు వెళ్ళింది ఒక్కరే, బ్రూస్ డగ్లస్-మాన్. ఆయన ఓడిపోయారు. మిగతావారు నిశ్చింతగా కూర్చున్నారు. మన దగ్గరా 2017లో శిల్పా చక్రపాణిరెడ్డి టీడీపీ నుంచి వైసీపీలోకి వెళ్తూ, కొత్తగా వచ్చిన ఆరేళ్ళ ఎమ్మెల్సీ పదవిని వదిలేశారు. అలాంటివారు ఎంతమంది? ఇష్టానికి వదిలేస్తే మర్యాదస్తుడికే నష్టం.

కాబట్టి నేను అడిగేది ఇది. పార్టీ మారిన రోజే సీటు ఖాళీ అవ్వాలి, పదిమంది కలిసి మారినా సరే. ఖాళీ అయితే ఆరు నెలల్లో ఎన్నిక జరపాలని చట్టంలో ఇప్పటికే ఉంది. మళ్ళీ గెలిచేదాకా మంత్రి పదవి లేదు. ఇప్పుడు ఆ నిషేధం వేటు పడ్డాకే వర్తిస్తోంది. పిటిషన్ నానుతున్నంత కాలం కుర్చీ కుర్చీలాగే ఉంటోంది.

ఉపఎన్నిక అంటే రాజకీయ సన్యాసమే అనుకునేవారికి మిజోరం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోయిన మొదటి ఎంపీ లాల్‌దుహోమా, 1988లో. ఆయనే 2018లో సెర్చిప్‌లో స్వతంత్రుడిగా గెలిచి, పార్టీ వైపు వెళ్ళినందుకు 2020లో ఎమ్మెల్యే పదవీ పోగొట్టుకున్నారు. రెండుసార్లు వేటు! 2021 ఏప్రిల్ ఉపఎన్నికలో అదే సెర్చిప్ ఆయన్ని మళ్ళీ గెలిపించింది. 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక మీ ప్రశ్నలు. రెండో వరుసలో పెద్దాయన ఇందాక విలీనం గురించి చెబుతున్నప్పటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు, ముందు ఆయనకు మైక్ ఇవ్వండి.