తల్లి గురించి కాలమ్ లేదంట!

(నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో పోషణ మాసం సభలో ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ప్రసంగం)

సర్పంచ్ గారికి, డాక్టర్ గారికి, సంఘాల అక్కచెల్లెళ్లకు, పిలకాయల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు నమస్కారం. ఎవరి పేరైనా మరిచిపోయుంటే ఏమీ అనుకోబాకండి.

నన్ను రాగిజావ, మునగాకు గురించి మాట్లాడమన్నారు. అదంతా మీ చేతిలో ఉన్న కరపత్రంలో ఉంది. ఉద్యోగంలో ఉండగా నోరు కట్టుకున్న మాట ఒకటుంది, ఇప్పుడు చెప్తాను.

1975లో ఐసీడీఎస్, అదే మన అంగన్‌వాడీల పథకం, మొదలైంది. బిడ్డల్ని తూస్తున్నాం, చార్టులో చుక్క పెడుతున్నాం. మంచి పనే. చుక్క ఆకుపచ్చలో ఉంటే తల్లి బతికిపోయింది. పసుపులోకి జారిందా, అత్త, ఆడబిడ్డ, పక్కింటావిడ, అందరిదీ ఒకటే మాట: "వీడికేం పెడుతున్నావమ్మా?"

ఒక తూకం రోజున ఆ మాటకి ఒక చిన్న వయసు తల్లి గబుక్కున ఏడ్చేసింది. "మేడం, రాత్రంతా వీడు నిద్రపోనీడు. తెల్లారితే పొగాకు పనికి పోవాల. నిన్న అన్నం ఉమ్మేశాడని కొట్టినా. కొట్టి నేనే ఏడ్చినా" అంది. రిజిస్టర్లో ఆ బిడ్డ పేరు పక్కన రాశాను: తల్లికి నిద్ర లేదు, ఇంట్లో సాయం లేదు. తనిఖీకి వచ్చిన పైఅధికారి దానిమీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. "తల్లి గురించి కాలమ్ లేదు కదమ్మా" అన్నారు.

కాలమ్ లేదంట! బిడ్డకి ముద్ద పెట్టే మనిషికి కాలమ్ లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు మండుద్ది.

వెనకాల నిలబడ్డ అబ్బాయిలూ, ఆ ఫోన్లు కాస్త ఆపండి, ఇది మీకే. పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్లో ఆకు పండేటప్పుడు వారం దాకా రాత్రింబగళ్లు వేడి చూసుకోవాల గదా? ఒక్కడినే కూర్చోబెడతారా? వంతులేసుకుంటారు. ఒక్కడే అయితే కునుకు పడుద్ది, ఆకు మాడుద్దని మీకు తెలుసు. మరి పసిబిడ్డ రాత్రులకి వంతు ఎందుకు లేదయ్యా? ఆ తల్లి ఏడాది, రెండేళ్లు ఒక్కతే కాపలా కాయాల్నా?

మీరు నవ్వుతున్నారు గానీ ఇది జబ్బు దాకా పోతుంది. మన లాంటి వర్ధమాన దేశాల్లో కాన్పు తర్వాత దాదాపు 20 శాతం మంది తల్లులకు మానసిక సమస్య వస్తుందని, అందులో ఎక్కువ డిప్రెషనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పైన మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోదామనిపిస్తే, అది పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. మనసు బాగాలేనోళ్లకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్, నంబరు 14416. ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రాసుకోండమ్మా. పెన్ను లేకపోతే పక్కామెని అడగండి.

ఇంకోటి. రెండేళ్ల బిడ్డ అన్నం వద్దని కింద పడి దొర్లుతాడు. ఆ వయసుకి అది మామూలే. పెంపకం తప్పని అత్తలు అనబాకండి. మీ కొడుకులు దొర్లలేదా?

డాక్టర్ గారూ, మిమ్మల్ని సభలోనే అడుగుతున్నా. టీకాల రోజు ప్రతి తల్లినీ రెండు మాటలు అడిగించండి: నిద్రపోతున్నావా, రాత్రి బిడ్డని ఎవరు అందుకుంటున్నారు అని. కాలమ్ లేకపోతే మార్జిన్లో రాయించండి. అవునో కాదో ఇక్కడే చెప్పాల. ఇదిగో మైకు.