అన్నం తగ్గించే ముందు డాక్టర్‌తో ఒక మాట

కోవూరు పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మొలగొలుకుల వరి పండిన నేల మీద నిలబడి అన్నం తగ్గించమని చెప్పడం నాకు కష్టంగానే ఉంది. అయినా చెప్పక తప్పదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల పైచిలుకు మంది దాని అంచున ఉన్నారు. ఈ హాల్లో చెయ్యెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు.

ఇంట్లో చిన్న కాటా ఉంటే మధ్యాహ్నం మీరు తినే అన్నం ఒక్కసారి తూచి చూడండి. పప్పులోకి ఒకసారి, పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి పెట్టుకుంటే 400 గ్రాములు తేలిగ్గా అవుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అంటే ఆ పూట అన్నంతోనే 110 గ్రాములు దాటింది. రోజు మొత్తం మీద 130 గ్రాముల లోపు తింటే దాన్ని లో కార్బ్, అంటే పిండి తక్కువ తిండి, అంటున్నారు. పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ ఇంకా లెక్కలోకి రానేలేదు. ఆ పిండి అంతా అరిగాక గ్లూకోజే అవుతుంది. షుగర్ ఉన్న ఒంట్లో ఇన్సులిన్ చాలదు, ఉన్నది సరిగా పనిచేయదు. అందుకే తిన్న రెండు గంటలకు మీటర్ 250, 300 చూపిస్తుంది.

"మేం అన్నం మానేశామండీ, కొర్రలు తింటున్నాం" అని చాలామంది ధీమాగా చెబుతారు. కనిగిరి, పొదిలి మెట్ట పొలాల్లో పండే సజ్జలు, కొర్రలు మంచి తిండే, పీచు ఎక్కువ. కానీ 100 గ్రాముల బియ్యంలో పిండి 78 గ్రాములైతే, రాగుల్లో 67, సజ్జల్లో 62. తేడా ఇంతే. కొర్రన్నం కూడా కొలిచే తినాలి. రాగిజావ పెద్ద గ్లాసుడు తాగితే షుగర్ గబగబా ఎక్కుతుంది. రాత్రి అన్నం బదులు నాలుగు చపాతీలు తిన్నా ఒరిగేది పెద్దగా లేదు.

మరి కడుపు నిండేదెలా? మన చేపల పులుసే ఉంది కదా! చేపలో పిండి పదార్థం లేనట్టే. మామిడికాయ వేసిన ఆ పులుసు వడ్డించేటప్పుడు మన ఇళ్లలో ముక్కలు లెక్కపెట్టి వేస్తారు, అన్నం మాత్రం అడిగినంత పెడతారు. దాన్ని తిరగేయండి. ముక్కలు రెండు ఎక్కువ వేయండి, అన్నం 150 గ్రాములకు తేండి. అప్పుడు అన్నంలోని పిండి 42 గ్రాములే. ముందు బీరకాయో, సొరకాయో, గోంగూరో ఒక కప్పు కూర తినండి, తర్వాత చేపో గుడ్డో, అన్నం చివర్లో. ఇదే తిండిని ఈ వరుసలో తింటే తిన్న తర్వాత షుగర్ తక్కువ పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. శాకాహారులకు పెరుగు, పనీర్, వేరుశనగలు ఉన్నాయి. పప్పు మంచిదే, కానీ అందులోనూ పిండి ఉందని గుర్తుంచుకోండి. ఎండాకాలం పొదలకూరు నిమ్మకాయ పిండుకుని ఉప్పు వేసి తాగండి, చక్కెర వద్దు. బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పు కూడా చిటికెడే.

ఇప్పుడు నేను అసలు ఎందుకు వచ్చానో ఆ మాట. ఫోన్‌లో వీడియో చూసి రేపటి నుంచే అన్నం మానేయకండి. మీరు పొద్దున గ్లిమిపిరైడ్ టాబ్లెట్ వేసుకుంటున్నారనుకుందాం. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. ఇడ్లీ మానేసి రెండు గుడ్లు తిని బస్సెక్కారు. పదకొండు గంటలకు చెమటలు, చేతులు వణుకు, కళ్లు మసక. పక్కవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. అది షుగర్ పడిపోవడం. మీటర్‌లో డెబ్బై లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ ఇదే ప్రమాదం. తిండి తగ్గించే రోజుకే డోసు ఎంత తగ్గించాలో డాక్టర్ చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం బాగా తక్కువ.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ టాబ్లెట్లు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా వినండి. ఆ మందులు వేసుకుంటూ పిండి పదార్థం మరీ తగ్గిస్తే రక్తంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. మీటర్‌లో షుగర్ పెద్దగా లేదు కదా అని ఇంట్లో కూర్చోకండి. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా ఈ దారి పట్టొద్దు. టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం, ఉన్న పిల్లలకు ఏ తిండి పెట్టినా ఇన్సులిన్ ఆపకూడదు. 1922కు ముందు, అంటే ఇన్సులిన్ మందుగా రాకముందు, ఆ పిల్లలను తిండి మాడ్చి కొన్నాళ్లు నిలబెట్టేవాళ్లు. అయినా దక్కేవాళ్లు కాదు. ఆకులు, కషాయాలు నమ్మి ఇంజెక్షన్ మాన్పించే తల్లిదండ్రులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మందులు పూర్తిగా పోతాయా అని అడుగుతారు. కొందరికి పోతాయి. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అనే అధ్యయనంలో కేలరీలు బాగా తగ్గించి బరువు దింపితే, ఏడాదికి సగానికి కొంచెం తక్కువ మందికి మందు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. వాళ్లు జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు. మందులు ఆపింది కూడా వైద్య సిబ్బంది పర్యవేక్షణలోనే. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషికి అదే ఆశ పెట్టడం న్యాయం కాదు. ఆయనకు మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, పది నుంచి ఏడున్నరకు దిగినా కళ్లకు, కిడ్నీలకు ఎంతో మేలు.

రొయ్యల గుంటల మీద పనిచేసే తమ్ముళ్లూ, షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారితే దెబ్బ తగిలినా తెలియదు, చెప్పుల్లేకుండా గట్ల మీద తిరగకండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, కనబడకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. ఏడాదికోసారి కంటి పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. వారం రోజులు పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ ఎంతుందో, ఆ పూట ఏం తిన్నారో రాయండి. ఆ పుస్తకం, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, అన్నం తగ్గించాలనుకుంటున్నాను, డోసు ఏం చేయమంటారు అని అడగండి. ఇక్కడ ఇన్సులిన్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక వెళ్లిపోకండి, మీతో విడిగా మాట్లాడతాను.