మూడో మనిషి ఎవరు? మూడు ఆదివారాలు, ఆర్సెనల్ మిడ్‌ఫీల్డ్

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చినా. మన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టీమ్ ఆర్సెనల్‌కి న్యూకాజిల్ మ్యాచ్ అయిపోయిన కాడి నుంచి ఒకటే ప్రశ్న అడుగుతా ఉండారు మీరు: "అన్నా, 2-1 గెలిచినాం కదా, ఇంకా మిడ్‌ఫీల్డ్ గురించి గొడవేంది?" గెలిచినప్పుడే మాట్లాడుకోవాల. ఓడిపోయినాక మాట్లాడితే కోపం మాట్లాడతాది, ఆట గురించి మాట రాదు.

ఈ రోజు గోల్స్ వరసగా చూపించి మార్కులేసే వీడియో కాదు. ఒకే ఒక ప్రశ్న. జుబిమెండి ఖాయం, డెక్లాన్ రైస్ ఖాయం. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే డిఫెన్స్‌కీ ఫార్వర్డ్‌లకీ మధ్య, ఆ ఇద్దరి పక్కన మూడో మనిషి ఎవరు? మన కోచ్ ఆర్టెటా ఈ 2025-26 సీజన్‌లో లివర్‌పూల్, సిటీ లాంటి పెద్ద మ్యాచ్‌ల్లో మికెల్ మెరినో పేరు రాసినాడు. నేను చెప్పేది ఏందంటే, ఆ చోటు ఎజేది. ఓడెగార్డ్ భుజం పూర్తిగా బాగైతే ఓడెగార్డ్‌ది. మెరినోది మాత్రం కాదు. ఎందుకో చెప్తా.

స్క్రీన్ మీద చూడండి. 2025 ఆగస్టు 31, లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో వాళ్ళ మీద జుబిమెండి, రైస్, మెరినో. 0-1 ఓడినాం. సెప్టెంబర్ 21, మన సొంత గ్రౌండ్ ఎమిరేట్స్‌లో మాంచెస్టర్ సిటీ మీద మళ్ళీ అదే ముగ్గురు. 1-1. సెప్టెంబర్ 28, న్యూకాజిల్ గ్రౌండ్‌లో జుబిమెండి, రైస్, ఎజే. 2-1. మూడూ ఆదివారాలే, మూడూ మనకు రాత్రి 9 గంటలకే. ఇందులో రెండు ఆదివారాలు ఆసియా కప్‌లో ఇండియా-పాకిస్తాన్ కూడా ఉండింది. మొన్న 28న అయితే అదే ఫైనల్, పైగా కొండ మీద గరుడ సేవ. ఊరంతా జనం, అలిపిరి వైపు బండి పోయే దారి లేదు. బైరాగిపట్టెడలో మా వాళ్ళ మేడ మీద రూమ్‌లో టీవీ క్రికెట్‌కి పోయింది, ల్యాప్‌టాప్ మాకు మిగిలింది. కింద వీధిలో తిలక్ వర్మ కొట్టే ప్రతి షాట్‌కీ అరుపులు, పైన మేము ఐదారుమంది ల్యాప్‌టాప్ చుట్టూ. అట్ల చూసినాం ఆ మ్యాచ్.

మా గ్యాంగ్‌లో రెండు పార్టీలు. మెరినో పార్టీకి పెద్ద మా మెడికల్ షాప్ అన్న. పాత కోచ్ వేంగర్ టైమ్ నుంచి ఆర్సెనల్ చూసే మనిషి, ఊరికే మాట్లాడడు. ఆయన వాదన ఆయన మాటల్లోనే చెప్తా, ఎందుకంటే మీలో సగం మంది రాసేది కూడా అదే. "రేయ్ అబ్బోడా, పెద్ద టీమ్ మీద ముందు మన ఇల్లు కాపాడుకోవాల. మెరినో ఉంటే గాల్లో బాల్ మనదే, కింద తోపులాట మనదే. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌కి ఏం అవకాశం ఇచ్చినాం చెప్పు? సోబోస్లాయ్ యాడనో దూరం నుంచి ఫ్రీకిక్ కొట్టినాడు, 83వ నిమిషంలో. అది మిడ్‌ఫీల్డ్ తప్పా?"

లేదన్నా, అది మిడ్‌ఫీల్డ్ తప్పు కాదు. ఆ ఫ్రీకిక్ 30 గజాల పైన దూరం. దానికి ఎవురినీ అనేదానికి లేదు. ఇంకా చెప్పాలంటే ఆన్‌ఫీల్డ్ లైనప్‌ని నేను పెద్దగా తప్పు పట్టను. సాకా తొడ కండరం పట్టేసి లేడు, హావర్ట్జ్ లేడు, ఓడెగార్డ్‌కి అంతకు ముందు లీడ్స్ మ్యాచ్‌లోనే భుజానికి దెబ్బ తగిలింది, ఎజే క్రిస్టల్ ప్యాలెస్ నుంచి వచ్చి వారమే. పైగా డిఫెండర్ సాలిబా దెబ్బతో ఐదు నిమిషాలకే బయటికి పోయినాడు. ఆ పరిస్థితిలో ఏ కోచ్ అయినా జాగ్రత్తే పడతాడు. నా గొడవ ఫలితంతో కాదు, మన ఆటతో. గోల్ పడకుండా ఆడినాం సరే, గోల్ కొట్టేదానికి ఆడినామా? మన సెంటర్ ఫార్వర్డ్ గ్యోకెరెస్‌ని చూడండి ఆ రోజు. వాళ్ళ డిఫెండర్లు వాన్ డైక్, కొనాటే మధ్య ఒక్కడే నిలబడి ఉండాడు, ఆయన కాళ్ళ కాడికి బాల్ తెచ్చిచ్చేవాడు లేడు.

ఎందుకు లేడు? ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాల. మన ముగ్గురిలో జుబిమెండి ఆడేది 6వ నంబర్ చోటు. సెంటర్ బ్యాక్‌ల ముందర నిలబడి, గోల్‌కీపర్ రాయా కాడి నుంచి, డిఫెండర్ గాబ్రియేల్ కాడి నుంచి బాల్ తీసుకుని, వెనకాల మనిషి ఉన్నా బెదరకుండా ఒక్క టచ్‌తో ముందుకు తిప్పేవాడు. 2024 యూరో ఫైనల్ గుర్తుందా? రోడ్రి దెబ్బతో హాఫ్ టైమ్‌లో దిగిపోతే, ఆ చోటులోకి వచ్చినోడు ఈ జుబిమెండే. ఎదురుగా ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్‌లో మన రైసే ఉండాడు. 2-1 స్పెయిన్ గెలిచింది. ఆయన మన ఆర్సెనల్‌కి రావడంతో రైస్‌కి కాళ్ళు విప్పినట్టయింది.

పోయిన సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో పారిస్ టీమ్ పీఎస్‌జీతో సెమీఫైనల్ మొదటి మ్యాచ్ తీసుకోండి. 6లో ఆడే పార్టే సస్పెన్షన్, రైస్‌ని వెనక్కి దించినాం. నాలుగో నిమిషంలోనే వాళ్ళ డెంబెలే సెంటర్ ఫార్వర్డ్ చోటు వదిలి మిడ్‌ఫీల్డ్‌లోకి దిగినాడు, రైస్ వెనకాల ఎవరూ లేని జాగాలో బాల్ తీసుకున్నాడు, క్వారత్‌స్కేలియాకి ఇచ్చినాడు, తిరిగి తీసుకుని గోల్ కొట్టినాడు. సాలిబా ముందుకు రాలేదు, కివియోర్ రాలేదు, రైస్ వెనక్కి తిరిగేలోపల అయిపోయింది. అదే రైస్‌ని ముందుకు వదిలిన రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌లో ఏమయింది? వెనకాల పార్టే ఉండాడు కాబట్టి రైస్ ముందుకు పోయినాడు, రెండు డైరెక్ట్ ఫ్రీకిక్‌లు కొట్టినాడు, 3-0. ఫ్రీకిక్‌కీ పొజిషన్‌కీ సంబంధం ఏందని మీరు అడగొచ్చు. నిజమే, ఫ్రీకిక్ ఎవరైనా కొట్టొచ్చు. నేను చెప్పేది ఆ తొంభై నిమిషాల్లో ఆయన ఎంత పైన ఆడినాడో చూడమని.

సరే, 6 దొరికినాడు, ముందుకీ వెనక్కీ పరిగెత్తే 8, అంటే రైస్, దొరికినాడు. మూడోవాడు చేయాల్సిన పని ఏందంటే, ఎదుటి టీమ్ మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య ఉండే ఇరుకు జాగాలో బాల్ తీసుకోవాల, తిరగాల, పాస్ వేయాల. ఓడెగార్డ్ ఏళ్ళ తరబడి చేసింది అదే. టింబర్, ఓడెగార్డ్, సాకా కుడివైపున ముగ్గురూ బాల్ తిప్పుకుంటా పోతా ఉంటే ఎదుటోళ్ళ లెఫ్ట్ బ్యాక్‌కి ఎవుర్ని పట్టాల్నో తెలిసేది కాదు. మెరినో ఆ పని చేసే మనిషి కాదు. ఆయన బలం వేరే. పరిగెత్తి ఎదుటి గోల్ ముందరి బాక్స్‌లోకి పోతాడు, తలతో కొడతాడు, తోపులాటలో గెలుస్తాడు. మంచి గుణాలే. కానీ రైస్ చేసే పని కూడా దాదాపు అదే. ఇద్దరూ బాక్స్‌లోకి పరిగెత్తేవాళ్ళయితే, ఆ బాక్స్‌లోకి బాల్ ఎవురు వేయాల?

ఇప్పుడు సిటీ మ్యాచ్‌కి వద్దాం. నా అసలు బాధ ఇక్కడుంది. ఆ రోజు కూడా ఓడెగార్డ్ లేడు, అంతకు ముందు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచ్‌లో మళ్ళీ అదే భుజానికి దెబ్బ. కానీ ఎజే ఉండాడు. ఫారెస్ట్ మీద మొదటి నుంచీ ఆడినాడు, గ్యోకెరెస్ గోల్‌కి క్రాస్ వేసినాడు. ఇంకో సంగతి. మే 17న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో ఇదే సిటీ మీద ప్యాలెస్‌కి 1-0 గెలుపు గోల్ కొట్టినోడు ఎవరు? ఎజే. అట్లాంటోడిని సిటీ మీదనే బెంచ్ మీద కూర్చోబెట్టినాం. సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాదా ఇది?

మెరినో పార్టీ వాళ్ళు చెప్పే పెద్ద మాట, కౌంటర్ ఎటాక్‌కి, అంటే మన బాల్ పోగానే ఎదుటోళ్ళు చేసే ఎదురు దాడికి, అడ్డం ఉంటాడని. సరే, తొమ్మిదో నిమిషం చూడండి. నేను ఈ ముక్కను ఆపి ఆపి చూసినా, మీరు కూడా అట్లే చూడండి. మనం ముందుకు పోయినప్పుడు బాల్ పోయింది. వాళ్ళ ఫార్వర్డ్ హాలండ్ సిటీ సగంలోనే మిడ్‌ఫీల్డర్ రైండర్స్‌కి ఇచ్చి పరుగు మొదలుపెట్టినాడు. రైండర్స్ బాల్ తీసుకుని నేరుగా మధ్యలో దూసుకొచ్చినాడు. జుబిమెండి, రైస్, మెరినో ముగ్గురూ గ్రౌండ్ మీద ఉండారు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ పరుగుకి అడ్డం పడలేకపోయినారు. మళ్ళీ హాలండ్‌కి పాస్, గోల్. కౌంటర్ ఆగేది మనిషి బరువుతో కాదు. బాల్ పోయిన క్షణంలో ఎవరు యాడ నిలబడి ఉండారు అనే దానితో ఆగుతాది. ముగ్గురు గట్టి మనుషుల్ని పెట్టినా, ముగ్గురూ బాల్‌కి ముందర ఉంటే వెనకాల మైదానం ఖాళీనే కదా.

హాఫ్ టైమ్‌కి ఆర్టెటా రెండు మార్పులు చేసినాడు. మెరినో బయటికి, ఎజే లోపలికి. మడుయెకే బయటికి, సాకా లోపలికి. ఆయన తప్పు ఆయనే దిద్దుకున్నాడు, అది ఒప్పుకోవాల్సిందే. రెండో సగం మొత్తం సిటీ సగంలోనే జరిగింది. సిటీ బాల్ పట్టుకున్నది 33 శాతమే. వాళ్ళ కోచ్ గ్వార్డియోలా ఆడించిన లీగ్ మ్యాచ్‌లన్నిటిలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆయన లాంటి మనిషి డిఫెండర్లని దించి గోడ కట్టినాడంటే, మన రెండో సగం ఎట్లుండింది అర్థం చేసుకోండి.

ఇంక ఆ చివరి నిమిషం. ఇంజురీ టైమ్. ఎజే మధ్యలో బాల్ అందుకున్నాడు. తల పైకెత్తినాడు. సిటీ డిఫెన్స్ లైన్ ఆ ఒక్క క్షణం పైకి వచ్చి ఉండింది. మన ఫార్వర్డ్ మార్టినెల్లి పరుగు మొదలుపెట్టీ పెట్టకముందే బాల్ గాల్లో ఉంది. వాళ్ళ తలల మీదుగా పోయి, మార్టినెల్లి కాలి ముందర పడింది. సిటీ గోల్‌కీపర్ డొనరుమ్మా ముందుకొచ్చినాడు, మార్టినెల్లి ఆయన మీద నుంచి లేపినాడు. 1-1. ఆ పాస్ మెరినో వేయగలడా? అన్నను నేరుగా అడిగినా. ఆయన కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "మెరినో వేయలేడు. కానీ మెరినో లేకపోతే మనం అప్పటికే 0-2 అయ్యుండేవాళ్ళం" అన్నాడు. అది నిరూపించేదానికి లేదు, కాదనేదానికి లేదు. ఆ రాత్రి మా వాదన అక్కడే ఆగింది.

మళ్ళీ వారం న్యూకాజిల్. ఆ గ్రౌండ్ మనకు ఎట్లాంటిదో కొత్తగా చూసేవాళ్ళకి చెప్పాల. అంతకు ముందు వరసగా మూడు సార్లు అక్కడికి పోయి ఓడినాం, లీగ్‌లో రెండు, లీగ్ కప్ సెమీఫైనల్ ఒకటి. మూడింట్లో మనకు ఒక్క గోల్ లేదు. జాగ్రత్త పడాల్సిన చోటు అంటే ఇదే. అట్లాంటి చోట ఆర్టెటా ఎజేని మొదటి నుంచీ పెట్టినాడు. లైనప్ చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమయింది. మొదటి సగంలో మనకు వచ్చిన అవకాశాలు చూడండి, వాళ్ళ గోల్‌కీపర్ నిక్ పోప్ చేసిన సేవ్‌లు చూడండి. ఆన్‌ఫీల్డ్‌లో మనం చేసిన దానికీ దీనికీ పోలిక లేదు. 34వ నిమిషంలో వాళ్ళ టొనాలి క్రాస్‌కి వోల్టెమాడ తలతో కొట్టి 0-1 చేసినాడు. అయినా మన ఆట మారలేదు, మధ్యలో నుంచి పాస్‌లు పోతానే ఉండాయి.

ఇప్పుడు మెరినో పార్టీకి న్యాయం చేయాల. 84వ నిమిషంలో సమం చేసింది ఎవరు? బెంచ్ మీద నుంచి వచ్చిన మెరినోనే. రైస్ క్రాస్, మెరినో తల, పోస్ట్‌కి తగిలి లోపలికి. ఆరో ఇంజురీ నిమిషంలో ఓడెగార్డ్ కార్నర్‌కి గాబ్రియేల్ తల, 2-1. రూమ్‌లో అన్న కుర్చీ మీద నుంచి లేచి, "ఇప్పుడు చెప్పు రా!" అన్నాడు. నేను సంతోషంగా చెప్పినా. అన్నా, నేను చెప్పేది కూడా ఇదే. జర్మనీ మీద యూరో క్వార్టర్ ఫైనల్‌లో 119వ నిమిషంలో తలతో స్పెయిన్‌ని గెలిపించింది కూడా ఈయనే, అప్పుడు కూడా సబ్‌గానే వచ్చినాడు. 80 నిమిషాలు పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయిన డిఫెండర్ల మధ్యకి అంత పొడుగు మనిషి తాజా కాళ్ళతో వస్తే ఎవురు పట్టుకుంటారు? ఎజే ముందర గంట సేపు వాళ్ళని అటూ ఇటూ తిప్పాల, మెరినో చివర్లో వచ్చి తల పెట్టాల. ఆ వరస తిరగబడితే పనికి రాదు. మెరినో మొదట ఆడి గోల్ పడకుండా చూసి, ఎజే చివర్లో వచ్చి తాళం తీయాలంటే, సిటీ మ్యాచ్ లాగ ఒక పాయింటే వస్తాది.

మా వాళ్ళల్లో ఇంకో చిన్న గొడవ ఉంది, ఎజేని లెఫ్ట్ వింగ్‌లో పెట్టి మెరినోని మధ్యలో ఉంచొచ్చు కదా అని. ఛాంపియన్స్ లీగ్‌లో స్పెయిన్ టీమ్ అథ్లెటిక్ బిల్బావ్ మీద అట్లే ఆడినాం, 2-0 గెలిచినాం కూడా. కానీ ఆ రెండు గోల్స్‌కీ సబ్‌లుగా వచ్చిన మార్టినెల్లి, ట్రోసార్డ్ కావాల్సి వచ్చింది. వింగ్‌లో ఎజే గీత పక్కన నిలబడతాడు, ఒక వైపే చూస్తాడు. మధ్యలో అయితే రెండు వైపులా చూస్తాడు. నాకు అది చాలు.

లివర్‌పూల్ శనివారం క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడింది, మనం ఆదివారం గెలిచినాం, తేడా రెండే పాయింట్లు. ఇప్పుడు ముందరుంది ఛాంపియన్స్ లీగ్‌లో గ్రీస్ టీమ్ ఒలింపియాకోస్. మనకు దసరా రోజు తెల్లారక ముందే, రాత్రి 12:30కి. నా లైనప్ స్క్రీన్ మీద పెడతా ఉండా: వెనకాల జుబిమెండి. ఓడెగార్డ్ 60 నిమిషాలు ఆడగలిగితే ఓడెగార్డ్, లేకపోతే ఎజే. రైస్‌కి విశ్రాంతి కావాలనుకుంటే ఈ ఒక్క మ్యాచ్‌కి మెరినోని 8లో పెట్టండి, సొంత గ్రౌండ్‌లో ఆ మాత్రం చేయొచ్చు. కానీ శనివారం వెస్ట్ హామ్ మీద మాత్రం జుబిమెండి, రైస్, పక్కన ఎజే లేదా ఓడెగార్డ్. మొదటి పదిహేను నిమిషాల్లో మన మూడో మనిషి ఎన్నిసార్లు ఎదుటి డిఫెన్స్ వైపు తిరిగి బాల్ అందుకుంటాడో మీరు లెక్కపెట్టండి, కింద రాయండి. మెరినో పార్టీ వాళ్ళు కూడా రాయండి. అన్న అవన్నీ చదువుతాడు, నేనే చదివి వినిపిస్తా.