పసుపు పాలతో ఇన్‌ఫ్లమేషన్ పోద్దా? ముందు ఊక కుప్ప సంగతి చూద్దాం

నమస్తే అండి. మోకాళ్ల నొప్పన్నా, షుగర్ బార్డర్‌లో ఉందన్నా, ఊరికే నీరసంగా ఉందన్నా ఇప్పుడు అందరిదీ ఒకటే మాట, రాత్రి పసుపు పాలు తాగు, ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపూ మంటా, పోద్ది అని. మా పెద్దమ్మ కూడా మొదలుపెట్టింది, రెండు స్పూన్ల పంచదార కలిపి మరీ. నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆవిడ ఆరోగ్యం కోసమే తాగుతోంది, కానీ మంట ఉన్న చోటు వేరే.

దెబ్బ తగిలితే వాచి ఎర్రబడుద్దే, అది మీకు తెలిసిందే, దాని జోలికి పోను. అది గడ్డివాము అంటుకున్నట్టు, మంట కనపడుద్ది, ఊరంతా బిందెలతో పరిగెత్తుకొస్తారు, ఆర్పేస్తారు. నేను చెప్పేది రెండో రకం. రైస్ మిల్లు వెనకాల ఊక కుప్ప చూశారా? పైన బూడిద, మంటే ఉండదు, కానీ కాలు పెడితే కాలుద్ది, లోపల రోజుల తరబడి రాజుకుంటానే ఉంటది. నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, ఏళ్ల తరబడి ఒంట్లో నడిచే ఇన్‌ఫ్లమేషన్ అదే.

మరి ఆ ఊక ఒంట్లో ఎక్కడుంది? చాలామందిలో బొజ్జలో. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కాదు, లోపల పేగుల చుట్టూ పేరుకునేది. అక్కడ కొవ్వు కణాలు ఉబ్బీ ఉబ్బీ ఆక్సిజన్ సరిగా అందక కొన్ని చచ్చిపోతాయి, వాటిని శుభ్రం చేయడానికి తెల్ల రక్తకణాలు వచ్చి చుట్టూ చేరి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి సిగ్నల్స్ వదుల్తాయి, అవి అక్కణ్ణించి నేరుగా లివర్‌కి పోతాయి, లివర్ సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారు చేసుద్ది, రక్తంలో అది పెరిగిందంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నట్టు గుర్తు. కొవ్వులోంచి ఈ టీఎన్‌ఎఫ్ వస్తోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని 1993లో లావు ఎలుకల్లో చూశారు. అందుకే షుగర్‌కీ దీనికీ చుట్టరికం. మన దక్షిణాసియా వాళ్లకి నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే కుప్ప పెరుగుతున్నట్టే, టేప్ పెట్టి కొలుచుకోండి, ఫ్యాంట్ సైజు నమ్మొద్దు.

ఇక పసుపు. దాని మీద నాకేం కోపం లేదు, కూరల్లో వేయండి. కానీ పసుపులో పనిచేసేదని చెప్పే పదార్థం కర్క్యుమిన్, అది నూటికి మూడు పాళ్ల దాకానే, అదీ ఒంటికి సరిగా పట్టదు. మిరియాలతో కలిపితే ఒంటికి 20 రెట్లు ఎక్కువ పట్టుద్దని అందరూ చెప్తారే, అది 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ల పరిశోధన, నిజమే, కానీ వాళ్లిచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్! అంత కావాలంటే మన వంటింటి పసుపు 60 గ్రాముల పైనే తినాలి. అర స్పూను పసుపు అంటే ఊక కుప్ప మీద చెంబుడు నీళ్లు చల్లినట్టు, పైన తడుసుద్ది, లోపల నిప్పు అలాగే ఉంటది. అలాగని క్యాప్సూళ్లు మింగొద్దు, అవి వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ల కేసులు అమెరికాలో డాక్టర్లు రికార్డు చేశారు.

అసలు రోజూ ఊక పోస్తున్నది మన కంచం. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది, బియ్యం, గోధుమ లాంటి వాటినుంచి వచ్చే క్యాలరీలు 45 శాతం దాటకూడదని, మనం తింటున్నది 50 నుంచి 70. గుట్టలాగా అన్నం, గరిటెడు పప్పు, పక్కన బంగాళాదుంప వేపుడు, ఇందులో పీచు ఎక్కడుంది చెప్పండి? పీచు పేగులో బ్యాక్టీరియాకి తిండి, అవి దాన్ని తిని బ్యుటిరేట్ అనే పదార్థం ఇస్తాయి, పేగు గోడ బలం అదే. పీచు పెట్టకపోతే ఆకలేసి పేగు గోడ మీది జిగురు పొరనే తినేస్తాయి, ఇది ఎలుకల్లో చూశారు, చదివినరోజు నాకు భయమేసింది. అన్నం సగం చేసి పప్పు, ఉలవలు, గోంగూర, చిక్కుడు పెంచండి, అన్నం మానేయక్కర్లేదు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచొద్దు. కూల్‌డ్రింకులు తగ్గించండి. కానాగంతలు, కవళ్లు లాంటి సముద్రపు చేపలు దొరికితే తినండి, కానీ వేపుడు కాదు, పులుసు. పెరుగు, మజ్జిగ, ఇవి మంచివే, 2021లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో 36 మందితో పది వారాలు చూస్తే పులిసిన ఆహారం తిన్నవాళ్ల రక్తంలో 19 రకాల ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్లు తగ్గాయి, పీచు తిన్నవాళ్లలో మాత్రం ఆ పది వారాల్లో అందరికీ ఒకేలా తగ్గలేదు, అది కూడా చెప్పాలి కదా. కీళ్లవాతానికి మందులు వాడేవాళ్లు ఈ వీడియో చూసి మందు ఆపొద్దు, దయచేసి. ఆఖరుది, రక్తంలో ఆ సీఆర్‌పీ ఎంతుందో చూసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ టెస్టు జలుబో జ్వరమో ఉన్నప్పుడు చేయించకండి, లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటిందంటే సాధారణంగా అది ఏదో ఇన్‌ఫెక్షన్, అంటే గడ్డివాము మంట, తగ్గాక రెండు వారాలాగి మళ్లీ చేయిస్తేనే ఊక కుప్ప లెక్క తెలుసుద్ది. ఉంటానండి.